గ్లాసీ తెరా, మాట్ తెరా? పగలు కిటికీ దగ్గర పనిచేసేవాళ్లు చెప్పండి

ఒంగోలు మేడగది:
అందరికీ నమస్తే. మాది ఒంగోలు, మంగమూరు రోడ్డు వైపు. ఇంట్లోనే కూర్చుని నాలుగైదు షాపుల పద్దులు, జీఎస్టీ రిటర్నులు చూస్తాను. పని గది మేడ మీద. నా వీపు వెనక తూర్పు కిటికీ, పక్కన ఉత్తరం కిటికీ. నిరుడు ల్యాప్‌టాప్ కొనేటప్పుడు షోరూములో రెండు పక్కపక్కనే పెట్టి చూపించారు. ఒకటి గ్లాసీ, అద్దంలా నిగనిగలాడుతోంది, రంగులు ఒలికిపోతున్నట్టున్నాయి. దాని పక్కన రెండోది, మాట్ అనే మెరవని గరుకు తెరది, వెలవెలబోయింది. మెరిసేదే తెచ్చుకున్నాను.

తెచ్చిన మర్నాడే తెలిసింది. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా ఎక్సెల్ షీటు మీద కిటికీ ఊచలు, మధ్యలో నా మొహం. అది 3 అంకో 8 అంకో తేల్చుకోవడానికి తల అటూ ఇటూ వంచాలి. రిటర్నుల గడువు దగ్గర పడ్డ రోజుల్లో అయితే ఒకటే టెన్షన్, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది.

ఇప్పుడు విడిగా 24 అంగుళాల మానిటర్ కొనాలి. మా తమ్ముడు "గ్లాసీ తీసుకో అక్కా, మాట్ తెర పొగ పట్టినట్టు ఉంటుంది" అంటున్నాడు. నా మనసు మాట్ వైపే ఉంది. కానీ రెండోసారి డబ్బు పెడుతున్నాను, ఈసారి తప్పు జరగకూడదు.

కావలి డీటీపీ:
మాట్ తీసుకోండమ్మా. ఇందులో ఆలోచించేదేం లేదు. కావలిలో ఇరవై ఏళ్లుగా డీటీపీ చేస్తున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు. రోజుకు పది గంటలు అక్షరాలతోనే పని. మన లిపి సంగతి మీకు తెలుసు, ధకూ థకూ మధ్య తేడా లోపలి చుక్క ఒక్కటే. ఆ చుక్క మీద ట్యూబ్‌లైట్ నీడ పడిందంటే తప్పు అచ్చయిపోతుంది, మళ్లీ వెయ్యి కాపీలు నా చేతి డబ్బుతో వేసివ్వాలి.

బడిలో గుర్తుందా? కిటికీ పక్క బెంచీల వాళ్లం "సార్, బోర్డు మెరుస్తోంది, కనపడట్లేదు" అనేవాళ్లం. సారు కిటికీ రెక్క మూయించేవారు. కొత్తగా నల్లరంగు వేసిన బోర్డయితే ఇంకా మెరిసేది. అదే మార్కాపురం పలక మీద, అరుగు మీద వెలుతురులో కూర్చుని రాసినా అక్షరం తేటగా ఉండేది. పలక గరుకు, బోర్డు నున్నన. అంతే తేడా.

ఇది నా ఒక్కడి పట్టుదల అనుకోకండి. 1990లో యూరప్ దేశాల ఆర్థిక కూటమి, కంప్యూటర్ ముందు పనిచేసే ఉద్యోగుల కోసం 90/270 నంబరుతో ఒక ఆదేశం ఇచ్చింది. మనిషిని ఇబ్బంది పెట్టే మెరుపులు, ప్రతిబింబాలు తెర మీద ఉండకూడదని అందులో రాశారు. ఉద్యోగుల ఆరోగ్యం కింద లెక్కగట్టిన విషయం ఇది.

నెల్లూరు ఆల్బమ్:
కావలి అన్న మాట నేను ఒప్పుకోను. నెల్లూరు ట్రంకు రోడ్డుకు దగ్గర్లో మా స్టూడియో, పెళ్లి ఆల్బములు చేస్తాం. ముందు నాలుగేళ్లు మాట్ మానిటరే వాడాను. తెల్ల గోడ ఫోటో తెరిస్తే తెర మీద సన్నటి ఇసుక చల్లినట్టు మిలమిల. గదంతా చీకటి చేసినా ఆ ఇసుక పోదు, ఎందుకంటే అది బయటి వెలుగు వల్ల వచ్చింది కాదు. తెర లోపలి నుంచి వచ్చే వెలుగే ఆ గరుకు పొరలోంచి దాటుతూ చెదురుతుంది. పెళ్లికూతురి వెంకటగిరి చీరలో సన్న జరీ గీత ఉంటే, ఆ గీత పదునుగా ఉందా మెత్తబడిందా అని నాకు తేలాలి కదా.

ప్రతిబింబం అంటారా, పరదా వేస్తే పోతుంది. దీపం పక్కకు జరిపితే పోతుంది. తెరలోనే కూర్చున్న గరుకుని ఏం చేసి తీస్తాం? మార్చగలిగిన లోపాన్ని ఒప్పుకోవచ్చు, మార్చలేనిదాన్ని డబ్బిచ్చి ఎందుకు కొనుక్కోవాలి?

కావలి డీటీపీ:
మరి ఆల్బములు మాత్రం మాట్ కాగితం మీద ఎందుకు వేసిస్తారు తమ్ముడూ? మా ఇంట్లో పిల్ల పెళ్లి ఆల్బమ్ కూడా మాటే.

నెల్లూరు ఆల్బమ్:
మంచి ప్రశ్న అన్నా. ఆల్బమ్ పదిమంది చేతులు మారుతుంది, గ్లాసీ కాగితం మీద వేలిముద్ర పడితే అట్లే ఉండిపోతుంది. అదీగాక కాగితానికి సొంత వెలుగు లేదు, గదిలో వెలుగు ఉంటేనే కనపడుతుంది. కాబట్టి వెలుగులో చూడటానికి వీలుగా చేయాలి. తెర తనే వెలిగే వస్తువు. దానికి బయటి వెలుగు అక్కర్లేదు, వస్తే చెడుపే. రెండూ ఒకటి కావు.

చీమకుర్తి స్లాబు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకు కంప్యూటర్లు పెద్దగా తెలియవు, చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని. మీరు మాట్లాడుకునేది మేం రోజూ చూసే సంగతే.

మా గెలాక్సీ నల్లరాయి, బంగారు చుక్కలది. ఒకే స్లాబుని రెండుగా కోసి, సగం అద్దంలా పాలిష్ పట్టి, సగం లెదర్ ఫినిష్ (మెరవని గరుకు పని) ఇచ్చి పక్కపక్కన పెట్టండి. పాలిష్ సగం కాటుకలా ఉంటుంది, చుక్కలు మెరుస్తాయి. లెదర్ సగం బూడిద రంగుకి తిరిగినట్టుంటుంది. కొనేవాళ్లు "ఇది వేరే రాయి కదా" అంటారు. అప్పుడు మేం చెంబుతో నీళ్లు చల్లుతాం. నీళ్లు పడ్డ చోట రాయి మళ్లీ నల్లబడుతుంది, ఆరగానే పాత రంగు. రాయి మారలేదు. గరుకు మీద పడ్డ వెలుగు అన్ని వైపులకీ చెదురుతుంది, ఏ మూల నిలబడి చూసినా అందులో కాస్త మన కంట్లో పడుతుంది, నలుపు మీద పలచటి తెల్లపొర కప్పినట్టు. నీళ్లు ఆ గుంటల్ని పూడ్చి పైభాగాన్ని నున్నగా చేస్తాయి.

పాలిష్ రాయి కూడా వెలుగు తిప్పికొడుతుంది, కానీ ఒకే దిక్కుకి. ఆ దిక్కులో మీ కన్ను లేకపోతే చిక్కటి నలుపు. ఉందంటే మాత్రం నడినెత్తిన ట్యూబ్‌లైట్ మొత్తం అందులో చూడొచ్చు. యార్డులో పాలిష్‌లో గీతలు వెతికేటప్పుడు మేం కావాలనే ఆ దిక్కులో నిలబడతాం.

షోరూములో ఆ అమ్మకు జరిగింది ఇదే అనుకుంటాను. అక్కడ దీపాలు పైకప్పులో ఉంటాయి, మనిషి ఎదురుగా నిలబడతాడు. నున్నటిదే గెలుస్తుంది. ఇంట్లో కిటికీ వీపు వెనక, మనిషి తల ఎత్తుకే ఉంది.

పొగతోట కోడర్:
చీమకుర్తి అన్న చెప్పినదానికి లెక్క వేసి చూపిస్తాను. మామూలు గాజు తన మీద పడ్డ వెలుగులో దాదాపు 4 శాతం తిప్పికొడుతుంది. కిటికీలోంచి కనపడే పగటి ఆకాశం ప్రకాశం 5,000 నిట్లు (ప్రకాశానికి కొలత) అనుకుందాం. అందులో 4 శాతం అంటే 200. మన చవక ల్యాప్‌టాపుల తెల్ల పేజీ ప్రకాశమే 250 నిట్ల దగ్గర ఉంటుంది. అంటే కిటికీ బొమ్మ పడ్డ చోట నలుపు 200, తెలుపు 450. తెలుపు నలుపుకి రెండింతల కంటే కాస్తే ఎక్కువ. 3కీ 8కీ తేడా పోయిందంటే పోదా మరి?

ఇక్కడ అందరూ ఒకటి మర్చిపోతున్నారు. మాట్ పొర ఆ 4 శాతాన్ని తగ్గించదు, పరిచేస్తుంది అంతే. ఒక చోట కత్తిలా పడేదాన్ని తెరంతా పలచగా పూస్తుంది. నిజంగా తగ్గించేది ఇంకోటి ఉంది, యాంటీ రిఫ్లెక్షన్ పూత. గాజు మీద వెలుగు తరంగం పొడవులో నాలుగో వంతు మందంతో పొర వేస్తారు. పొర పైనుంచి తిరిగొచ్చే తరంగం, అడుగు నుంచి తిరిగొచ్చే తరంగం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అలాంటి పొరలు కొన్ని కలిపితే 4 శాతం 1 శాతానికి దిగుతుంది. అదే కిటికీ అప్పుడు 200 కాదు, 50 నిట్లు. గరుకు లేదు, ఇసుక లేదు. గ్లాసీయా మాటా అని రెండిట్లోనే వెతుక్కోవడం వల్ల ఇది మన కంట పడట్లేదు.

పెద్ద కంపెనీలు కూడా ఈ విషయంలో అటూ ఇటూ ఊగాయి. యాపిల్ 2008లో 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోని గ్లాసీలో మాత్రమే ఇచ్చింది. 2009లో అదనపు డబ్బుకి మాట్ మళ్లీ తెచ్చింది, 2012 రెటీనా తెరలతో మాట్ తీసేసింది. 2024లో నానో టెక్స్చర్ పేరుతో గరుకు గాజు మళ్లీ అదనపు డబ్బుకే ఇస్తోంది. ఒకటే అందరికీ సరిపోతే ఇన్నిసార్లు మార్చేవాళ్లు కాదు.

కంటద్దాల కొట్టు:
కంటద్దాల పని చేస్తాను కాబట్టి రెండు ముక్కలు. కోడర్ చెప్పిన పూత మీ కళ్లజోడు మీద ఉండేదే, మేం ఏఆర్‌సీ అంటాం. కళ్లజోడుని దీపం కింద వంచితే పచ్చగానో వంగపండు రంగులోనో మెరుస్తుందే, అది ఆ పూత గుర్తు. మానిటర్ ఆఫ్ చేసి చూసినా అలాగే తెలుస్తుంది. మామూలు గ్లాసీలో ట్యూబ్‌లైట్ తెల్లగా కనపడుతుంది, పూత ఉంటే రంగు తిరిగి మసకగా.

ఇంకోటి. గ్లాసీ తెర వల్ల చూపు పోతుందని భయపెట్టకండి, అలాంటిదేం లేదు. తెర చూసేటప్పుడు రెప్ప వేయడం తగ్గుతుంది, కళ్లు ఎండిపోతాయి. అది ఏ తెరకైనా ఉంటుంది. ఆవిడ మెడ నొప్పి మాత్రం నిజం. ప్రతిబింబం తప్పించుకోవడానికి గంటలకొద్దీ తల ఒక పక్కకి వంచి కూర్చుంటారు, తమకే తెలియదు.

విడవలూరు రొయ్యలు:
నాది మాట్ ల్యాప్‌టాప్. మేత లెక్కలు, నీళ్లలో ఆక్సిజన్ రీడింగులు చెరువు గట్టు మీదే ఎక్కిస్తాను. మాట్ అయితే ఎండలో బాగుంటుందని అమ్మినాయన చెప్పాడు. ఏం బాగుంది? నడిఎండ లక్ష లక్స్ (మీద పడే వెలుగుకి కొలత) దాకా ఉంటుంది, ఆఫీసు గదిలో మూడు నాలుగు వందలు. ఆ ఎండలో తెర మొత్తం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతుంది, ఎటు తిప్పినా అంతే. మా అబ్బాయి ట్యాబ్ గ్లాసీ. దాన్ని నా ముదురు రంగు చొక్కా అందులో ప్రతిబింబించేట్టు వంచి పట్టుకుంటే, ఆ చొక్కా నీడ ఉన్నంత మేర అక్షరాలు స్పష్టంగా కనపడతాయి. కోడర్ లెక్కలో అర్థం ఇదేననుకుంటా. తెరలో ఏది కనపడుతుందో అది నల్లగా ఉంటే చాలు. ఇంటి లోపల సంగతి వేరు కావచ్చు, గట్టు మీదికి మాత్రం మాట్ అని కొనకండి, ముందు నిట్లు ఎన్ని అని అడగండి.

కావలి డీటీపీ:
ఇది నాకు కొత్త సంగతి, నేను ఎండలో ఎప్పుడూ పని చేయలేదు. ఒప్పుకుంటున్నాను. అయినా ఆ అమ్మది గట్టు కాదు, గది. మాట్‌లోనూ రకాలున్నాయమ్మా. కొన్ని మానిటర్ల వివరాల్లో హేజ్ (పొర వెలుగుని ఎంత చెదరగొడుతుందో చెప్పే అంకె) 25 శాతం అని రాసి ఉంటుంది, అది ఎంత తక్కువైతే ఇసుక అంత తక్కువ. తర్వాత గ్లాసీ తెర మీద మాట్ ప్లాస్టిక్ కాగితం అంటించుకుంటే సరిపోతుందని ఎవరైనా చెప్తే వినకండి. నేను చేసి చూశాను. గాలి బుడగలు, అంచున దుమ్ము గీత, రెండు లోపాలూ ఒకేచోట. మాట్ తెరని చొక్కా అంచుతో గట్టిగా రుద్దకండి కూడా, గరుకు అరిగిన చోట మెరిసే మచ్చ పడుతుంది, అది ఇక పోదు. కొంచెం తడిపిన మెత్తటి గుడ్డ చాలు.

ఒంగోలు మేడగది:
అందరూ ఇంత ఓపికగా చెప్పారు, చాలా సంతోషం. నిన్న ఆదివారం బల్ల జరిపాను. ఇప్పుడు తూర్పు కిటికీ నాకు కుడి చేతి వైపు, ఉత్తరం కిటికీ ఎదురుగా ఉంది. పాత గ్లాసీ ల్యాప్‌టాపే పెట్టి పొద్దున పది గంటలకు కూర్చున్నాను. ఊచలు పోయాయి. ఏడాది పట్టిన బాధలో ముప్పాతిక వంతు ఒక్క బల్ల జరపడంతో పోయిందంటే నామీద నాకే కోపం వచ్చింది. కానీ ఎదురు కిటికీ వెలుగు నేరుగా కళ్లలో పడుతోంది, దానికి పరదా కుట్టించాలి. పదకొండు దాటాక ఇంకోటి గమనించాను. వీపు వెనక ఇప్పుడు గోడ ఉంది, తెల్ల సున్నం. కుడి నుంచి ఎండ ఆ గోడ మీద పడి, గోడంతా తెరలో తెల్లగా కనపడుతోంది. ఇది ఊచల్లా గుచ్చదు, కానీ నల్ల అక్షరాలు పాలిపోయాయి. ఇక్కడ మాట్ పెట్టినా ఈ పాలిపోవడం పోదు కదా, చీమకుర్తి అన్నా?

చీమకుర్తి స్లాబు:
పోదమ్మా. వెలుగు గోడంత వెడల్పున వస్తుంటే నున్ననా గరుకా అన్నదానితో పని లేదు. గోడకి ముదురు రంగు వేయించండి. లేదా నల్లటి దుప్పటి ఒకటి వేలాడదీసి చూడండి ముందు.

నెల్లూరు ఆల్బమ్:
మా స్టూడియోలో మానిటర్‌కి ఎదురుగా ఉన్న గోడ ముదురు బూడిద రంగు, అందుకే. అక్కా, గోడకి రంగు వేయించి, కిటికీకి పరదా కుట్టించాక మీకు మాట్ అవసరమే ఉండదు. నా మాట ఇప్పటికీ గ్లాసీయే, పూత ఉన్నది దొరికితే.

ఒంగోలు మేడగది:
దుప్పటి కట్టాను, తేడా బాగా తెలిసింది. కానీ మధ్యాహ్నం పిల్లలు బడి నుంచి వచ్చాక ఆ గదిలోనే చదువుకుంటారు. నల్ల గోడ, మూసిన పరదాల మధ్య వాళ్లని కూర్చోబెట్టలేను. వెలుగు గదిలోనే పని జరగాలి. కాబట్టి హేజ్ తక్కువున్న మాట్, కనీసం 350 నిట్లు ఉన్నది చూస్తున్నాను. పూత ఉన్న గ్లాసీ నా బడ్జెట్‌లో 24 అంగుళాల్లో ఇంకా కనపడలేదు, కనపడితే దాన్నీ పక్కన పెట్టి చూస్తాను. బుధవారం షోరూముకి వెళ్తున్నా. పెన్‌డ్రైవ్‌లో సన్న అంకెలున్న ఎక్సెల్ షీటు ఒకటి, పూర్తి నల్ల బొమ్మ ఒకటి, మా చెల్లి పెళ్లి ఫోటో ఒకటి పెట్టుకున్నాను.

కావలి డీటీపీ:
పొద్దున పదకొండు గంటలకు వెళ్లండి. మానిటర్‌ని లోపల దీపాల కింద కాకుండా గుమ్మం దగ్గర బల్ల మీద, మీ వీపు వీధి వైపు ఉండేట్టు పెట్టించుకుని ఆ నల్ల బొమ్మ ముందు తెరవండి.