గిగాబాష్ అనే మాన్‌స్టర్ల ఫైటింగ్ గేమ్ ఆడినవాళ్లు చెప్పండి, పీఎస్4 (ప్లేస్టేషన్ 4)కి కొనొచ్చా?

మాది హనుమకొండ. చిన్నప్పుడు చౌరస్తా దగ్గర గేమ్ షాపులో గంట లెక్కన వార్ ఆఫ్ ద మాన్‌స్టర్స్ ఆడేవాళ్లం. 2003లో పీఎస్2కి వచ్చింది. కొంగార్ అనే పెద్ద కోతితో మేడెక్కి, కింద కారు లేపి తమ్ముడి మీదికి విసిరేవాణ్ని. బిల్డింగ్ కూలి వాడి మీద పడితే షాపంతా అరుపులే! ఆ సంబరం మా పిల్లలకీ చూపించాలని ఉంది.

2022లో వచ్చిన గిగాబాష్‌లో ఒకే టీవీ ముందు నలుగురు ఆడొచ్చు. ఎనర్జీ నిండితే మాన్‌స్టర్ ఇంకా పెద్దదవుతుంది. దసరాకి అన్నయ్య పిల్లలూ వస్తున్నారు. అందరిలో చిన్నదానికి ఎనిమిదేళ్లు, ఆ బటన్లు దానికి పట్టుబడతాయా? బిల్డింగ్ కూలుతుంటే నిజంగా బరువుగా అనిపిస్తుందా? నాకు అదే ముఖ్యం. పండగయ్యాక మావాడు ఒక్కడే ఆడుకుంటే బోర్ కొడుతుందా? ఆడినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.