ఆయిల్ బావిలోకి స్టీమ్ ఎందుకు పంపిస్తరు?

కూకట్‌పల్లి_కుర్రోడు:
అన్నా, సెమినార్ కోసం ఆయిల్ రికవరీ టాపిక్ ఇచ్చిన్రు. భూమిలోకి ఆవిరి పంపి ఆయిల్ తీస్తరంట, నీళ్ళు కొడితే సరిపోదా? మన కేజీ బేసిన్‌ల కూడా ఇదే చేస్తరా?

రిగ్_రావు:
నీళ్ళు కొడితే పల్చటి ఆయిల్ కదుల్తది తమ్ముడూ, కానీ హెవీ ఆయిల్ చలికాలంల తారు లెక్క ఉంటది, నీళ్ళు పక్కనుంచి జారుకుంటయ్ అంతే. కెనడా అథబాస్కా బిట్యుమెన్ (మస్తు చిక్కటి ఆయిల్) అయితే రిజర్వాయర్ (భూమిలోపల ఆయిల్ ఉండే రాతి పొర) వేడిల దాని చిక్కదనం 10 లక్షల సెంటీపాయిజ్ (చిక్కదనం కొలిచే యూనిట్) కూడా దాటుతది, అదే 200 డిగ్రీలు దాటించి వేడి చేస్తే పదుల్లోకి వస్తది, ఆడనే ఉంది మ్యాజిక్ అంతా. ఒకే బావిల స్టీమ్ కొట్టి, కొన్ని రోజులు మూసి నాననిచ్చి, మళ్ళీ అదే బావి నుంచి తీసేది ఒక పద్ధతి, దీన్ని 1959ల వెనిజులాల అనుకోకుండ కనిపెట్టిన్రు. ఇంకో పద్ధతి శాగ్‌డీ (SAGD), ఒకదాని కింద ఒకటి రెండు అడ్డ బావులు, మధ్యల దాదాపు 5 మీటర్లు, పై దాంట్ల స్టీమ్, కింది దాంట్ల ఆయిల్.

ఓయూ_జియో:
కేజీ బేసిన్‌ల ఎక్కువ గ్యాస్, తేలిక ఆయిల్, అక్కడ స్టీమ్ దండగ. రాజస్థాన్ బాఘేవాలాల ఆయిల్ ఇండియా వాళ్ళు చేస్తున్నరు చూడు. గుజరాత్ మెహసానాల మాత్రం ఎక్కువగా స్టీమ్ కాదు, గాలి పంపి లోపలే ఆయిల్ కొంత మండిస్తరు.

కూకట్‌పల్లి_కుర్రోడు:
ఖర్చు మస్తుంటది గదా?

రిగ్_రావు:
మస్తంటే మస్తు. స్టీమ్ ఆయిల్ రేషియో అని చూస్కో, 3 అంటే ఒక బ్యారెల్ ఆయిల్‌కి 3 బ్యారెళ్ళ నీళ్ళు ఆవిరి చెయ్యాలె, దానికి గ్యాస్ కాల్చాలె. బావి లోతు ఎక్కువైతే దార్లనే వేడి పోతది. సెమినార్ల సార్ అడిగేది ఇదే, పక్కా.