డైట్ మొదలుపెట్టాక స్క్వాట్ పడిపోతోంది: పోతున్నది కొవ్వా, కండా?

నింపాది_నాని

అందరికీ నమస్తే. వయసు 31, ఎత్తు 178 సెంటీమీటర్లు. నెలన్నర కింద 88 కిలోలు ఉండేవాణ్ని, ఇప్పుడు 82. నడుము దగ్గర బాగా తగ్గింది, పాత ప్యాంట్లు జారిపోతున్నాయి. అంతవరకు సంతోషమే.

గొడవంతా జిమ్‌లోనే. స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) 120 కిలోలతో ఆగకుండా అయిదేసి రెప్స్ (సార్లు) చొప్పున అయిదు సెట్లు కొట్టేవాణ్ని. మొన్న 105 భుజాల మీదికి తీసుకుంటే మూడో రెప్‌కే మోకాళ్లు లోపలికి వచ్చేశాయి. అయిదోది అసలు లేవలేదు, ర్యాక్‌కుండే సేఫ్టీ కడ్డీల మీద దించేశాను. బెంచ్ (పడుకుని ఛాతీ మీంచి బార్ పైకి తోయడం) 85 నుంచి 77.5కి దిగింది. డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి బార్ ఎత్తడం) కాస్త నయం.

తిండి రోజుకు 1,500 క్యాలరీలు, అందులో ప్రొటీన్ 90 గ్రాముల దాకా. పొద్దున్నే ముప్పావుగంట పరుగు. డైట్‌లో ఉన్నప్పుడు తేలిక బరువులతో ఎక్కువ రెప్స్ చేస్తే కండ ‘కట్’ అవుతుందని జిమ్‌లో చెప్పారు. అందుకని ఈమధ్య 60 కిలోలతో 20 రెప్స్ సెట్లే ఎక్కువ. బరువైన సెట్లు ఎప్పుడైనా, ఎక్కడున్నానో చూసుకోవడానికి. ఇంకో 5 కిలోలు తగ్గాలని ఉంది. ఇలాగే పోతే చివరికి సన్నగా, నీరసంగా మిగులుతానేమోనని బెంగ. ఏం మార్చాలి?

ప్లేట్ల_పండు

బ్రో, కటింగ్‌లో, అంటే కొవ్వు తగ్గించే డైట్‌లో, బలం తగ్గడం మామూలే, లైట్ తీస్కో. అయిపోయాక తిను, అదే తిరిగొస్తుంది. రాత్రిపూట కార్బ్స్ మానెయ్, ఇంకా తొందరగా దిగుతావ్.

బార్_భారతి

పండూ, సగం నిజం చెప్పి వదిలేశావు. కాస్త తగ్గడం మామూలే. 120 కొట్టినవాడికి 105 లేవకపోవడం ‘కాస్త’ కాదు.

నాని గారూ, నేను పవర్‌లిఫ్టింగ్ (స్క్వాట్, బెంచ్, డెడ్‌లిఫ్ట్) పోటీలకు వెళ్తుంటాను, 63 కిలోల విభాగంలో. పోటీలు లేనప్పుడు 67 దాకా ఉంటాను. మా దగ్గర మా ఒంటిబరువు చూడటం పోటీకి రెండు గంటల ముందు మాత్రమే మొదలవుతుంది కాబట్టి, ముందురోజు నీళ్లు మానేసి దిగిపోయే వేషాలు పెద్దగా సాగవు. ఆ వెంటనే బార్ ఎత్తాలి కదా. బలం పోకుండా నిదానంగా దిగాల్సిందే. నాకిది ఏటా పెట్టే తద్దినం.

మీ పోస్టులో నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది ఆ 1,500 కాదు, ఆ 60 కిలోలు.

కండను పోషించడం ఒంటికి ఖర్చుతో కూడిన పని. తిండి చాలనప్పుడు వాడకంలో లేనిదాన్ని ముందు వదిలించుకుంటుంది. 60తో 20 రెప్స్ కూడా, ఇక లేవలేను అన్నంత దాకా కొడితే కండను చాలావరకు నిలబెడతాయి, కాదనను. కానీ 120 ఎత్తే బలం 120 చుట్టుపక్కల పనిచేస్తేనే ఉంటుంది. అందులో సగం కండ అయితే సగం అలవాటు: నరాలు, ఊపిరి బిగించడం, అడుగున భయపడకుండా ఉండటం. పైగా ఆ 20 రెప్స్ సెట్లు మనిషిని పిండేస్తాయి. తిండి తక్కువైన రోజుల్లో అలసట ఎక్కువ తెచ్చే పని ఎందుకు? ఇక ‘కట్’ అవడమంటారా, పైనున్న కొవ్వు పల్చబడితే గీతలు వాటంతటవే కనిపిస్తాయి. రెప్స్‌తో గీతలు పడవు.

కాబట్టి బార్ మీది బరువు తగ్గించకండి, సెట్లు తగ్గించండి. ఇంతకుముందు అయిదు సెట్లు చేసేచోట ఒకటి బరువైనది, మూడు నుంచి అయిదు రెప్స్, ఇంకో ఒకటి రెండు లేస్తాయి అనిపించగానే బార్ ర్యాక్‌లో పెట్టేయండి. తర్వాత పది శాతం తగ్గించి ఒకటో రెండో సెట్లు. చాలు, ఇంటికి పొండి. వారానికి రెండుసార్లు స్క్వాట్. నమ్మకం కుదరకపోతే 2011లో వచ్చిన ఒక పరిశోధన ఉంది. కొన్నాళ్లు బాగా వ్యాయామం చేయించి, ఆ తర్వాత 32 వారాల పాటు సెట్ల మొత్తాన్ని తొమ్మిదో వంతుకు దించేశారు, బరువు మాత్రం బరువుగానే ఉంచారు. కుర్రవాళ్లకు కండా బలమూ నిలబడ్డాయి. వాళ్లు డైట్‌లో లేరన్నది నిజమే, అందుకే నేను తొమ్మిదో వంతు అనడం లేదు, సగం అంటున్నాను.

రేపే 120 పెట్టకండి. 100తో మూడు రెప్స్ నుంచి మొదలుపెట్టి, శుభ్రంగా లేస్తే వచ్చేసారి 2.5 పెంచండి. మోకాళ్లు లోపలికి వచ్చాయంటే ఆ రోజుకు అక్కడితో ఆపండి.

ఇప్పుడు తిండి. మీరు వారానికి సుమారు కిలో చొప్పున దిగుతున్నారు. కిలో కొవ్వుకు 7,700 క్యాలరీలు అనుకుంటే రోజుకు 1,100 కోత పడుతోంది. మొదట్లో పోయినదాంట్లో నీళ్లు కూడా ఉంటాయి కాబట్టి అసలు కోత ఇంకాస్త తక్కువే కావచ్చు, అయినా ఎక్కువే. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది. ఒంట్లో కొవ్వు తగ్గేకొద్దీ వేగం కూడా తగ్గాలి. 2,000కి కాస్త పైన తినండి, వారానికి అర కిలో తగ్గితే చాలు. పెంచిన 500లో మొదటి వాటా ప్రొటీన్‌కి: కిలో ఒంటిబరువుకు 2 గ్రాములు, అంటే మీకు 165. మిగతాది పిండిపదార్థాలకి, అదీ వ్యాయామానికి ముందూ వెనకా. పండు చెప్పిన రాత్రి కార్బ్స్ సంగతి మర్చిపోండి, మీరు సాయంత్రం జిమ్‌కి వెళ్లేవాళ్లయితే అవి రాత్రే కావాలి.

పరుగు రోజూ వద్దు. కాళ్లు పొద్దున్నే ఖాళీ చేసుకుని సాయంత్రం స్క్వాట్ ర్యాక్ దగ్గరికి వస్తే బార్ లేవకపోవడంలో వింతేముంది? స్క్వాట్ లేని రోజుల్లో రెండుసార్లు పరుగెత్తండి, మిగతా రోజుల్లో నడవండి.

ఒక్క మాట బెంచ్ గురించి. అది తగ్గితే కంగారు పడకండి, అందరికీ ముందు పోయేది అదే. నాకు 67 నుంచి 63కి వచ్చేసరికి డెడ్‌లిఫ్ట్ 140 అలాగే ఉంటుంది, బెంచ్ మాత్రం 70 నుంచి 65కి జారుతుంది. ఛాతీ, వీపు పల్చబడితే బార్ ఇంకో వేలెడు కిందికి దిగాలి, ఆ వేలెడు దగ్గరే బార్ ఆగిపోతుంది. స్క్వాట్‌లోనూ అంతే: బెల్టు ఒక కన్నం లోపలికి వెళ్తుంది, కింద కూర్చున్నప్పుడు పొట్టా తొడా ఒకదాన్నొకటి తోసుకుని ఇచ్చే ఆసరా ఉండదు. పాత కన్నంలోనే పెట్టుకుంటున్నారేమో చూసుకోండి. వదులు బెల్టు ఉన్నా లేనట్టే.

ఇది చదివే ఆడవాళ్లకు: డైట్‌లో నెలసరి ఆగిపోతే అది ‘బాగా కటింగ్ అవుతోంది’ అనడానికి గుర్తు కాదు. తిండి పెంచి డాక్టరుకు చూపించుకోండి. నాతో లిఫ్ట్ చేసే అమ్మాయిలు దీన్ని గొప్పగా చెప్పుకోవడం విన్నాను, ఒళ్లు మండిపోయింది.

నింపాది_నాని

అక్కా, ఇంత ఓపిగ్గా రాసినందుకు థాంక్స్. బెల్టు నిజంగానే పాత కన్నంలోనే ఉంది!

రెండు అనుమానాలు. 165 గ్రాములు ఎలా తినాలి, కిడ్నీలు ఏమైనా అవుతాయా? రెండోది, ఇంట్లో బరువు చూసే మిషన్ కండ 2.5 కిలోలు తగ్గిందని చూపిస్తోంది. అది చూసినప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. అసలే పడుకునేది అయిదు గంటలు.

లెక్కల_మాస్టారు

రెండోదానికి నేను చెబుతాను. ఆ మిషన్ కండను చూడదు. అరికాళ్ల గుండా సన్నటి కరెంటు పంపి, ఎంత అడ్డుకుందో కొలిచి, మిగతాది లెక్క కడుతుంది. ఒంట్లో నీళ్లు మారితే లెక్క మారిపోతుంది. పిండిపదార్థం కండలో గ్లైకోజెన్‌గా దాచుకున్నప్పుడు గ్రాముకు సుమారు 3 గ్రాముల నీళ్లు దాని వెంట ఉంటాయి. డైట్ మొదలుపెట్టగానే ఆ నిల్వ తగ్గుతుంది, నీళ్లూ పోతాయి. మిషన్ దాన్నే ‘కండ పోయింది’ అంటుంది. ఆ 2.5లో నిజమైన కండ ఎంతో మిషన్‌కే తెలియదు.

టేపు కొనుక్కోండి. నడుము, తొడ మధ్య, పై చెయ్యి. నడుము తగ్గుతూ మిగతా రెండూ దాదాపు అక్కడే ఉంటే మీరు సరైన దారిలో ఉన్నట్టు. బరువు రోజూ పొద్దున్నే చూసి వారం సగటు తీయండి, ఏ ఒక్క రోజు అంకెనూ నమ్మకండి.

ఇక మీరు చివర్లో యథాలాపంగా అన్న ఆ అయిదు గంటలు. 2010లో చికాగోలో ఒక ప్రయోగం చేశారు. పదిమంది మీదే కాబట్టి చిన్నదే. తిండి అంతే, మంచం మీద గడిపే సమయం మాత్రం ఒకసారి 8.5 గంటలు, ఇంకోసారి 5.5. రెండు వారాల్లో బరువు రెండుసార్లూ ఇంచుమించు 3 కిలోలే తగ్గింది. పోయిన కొవ్వు మాత్రం ఎక్కువ పడుకున్నప్పుడు 1.4 కిలోలు, తక్కువ పడుకున్నప్పుడు 0.6. మిగతాదంతా కొవ్వు కానిది. మీరు పొద్దున్నే లేచి పరుగెత్తే ముప్పావుగంట పడుకుంటేనే ఎక్కువ లాభమేమో!

బార్_భారతి

మాస్టారూ, ఆ చివరి వాక్యం నేను జిమ్ గోడ మీద రాయిస్తాను.

నాని, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఈ మోతాదుతో హాని కనిపించలేదు. ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే, లేదా మీకు బీపీ, షుగర్ ఉంటే ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి, పోయేదేముంది.

165 కొండలా కనిపిస్తుంది గానీ నాలుగు పూటలకు పంచితే పూటకు 40. వండిన చికెన్ బ్రెస్ట్ 100 గ్రాముల్లో 30 దాకా ఉంటుంది. గుడ్డుకు 6. వే పౌడరు (పాల నుంచి తీసిన ప్రొటీన్ పొడి) ఒక స్కూపుకు 20 నుంచి 25. గుడ్లతోనే 40 లాగాలంటే ఏడు కావాలి, అందుకే రెండు మూడు రకాలు కలపాలి. మాంసం తిననివాళ్లకు సోయా, పాలు, పెరుగు, పప్పులు ఉన్నాయి. పప్పులతో పిండిపదార్థం కూడా వస్తుందని లెక్కలో వేసుకోండి. పూట మొదట్లోనే ప్రొటీన్ తినేయండి, చివరికి ఉంచితే కడుపు నిండిపోయి మిగిలిపోతుంది. ఆకలి కూడా దీనివల్లే అదుపులో ఉంటుంది.

క్రియాటిన్ (బలం కోసం వాడే పొడి) ఇప్పటిదాకా వాడకపోతే రోజుకు 3 నుంచి 5 గ్రాములు వేసుకోవచ్చు. మొదట్లో కిలో దాకా బరువు పెరగొచ్చు, అది నీళ్లు. ఆ అంకె చూసి తిండి తగ్గించేరు! మిగతా డబ్బాలన్నీ, కొవ్వు కరిగిస్తామనేవి, అమ్మేవాళ్ల జేబు నింపడానికి.

రిటైర్డ్_రావు

అమ్మా భారతీ, నాకు 63 ఏళ్లు. నేనూ 6 కిలోలు తగ్గే పనిలో ఉన్నాను. సెట్లు సగానికి తగ్గించమన్న సలహా నాకూ వర్తిస్తుందా?

బార్_భారతి

రావు గారూ, మీకు అంత కోత వద్దు. నేను చెప్పిన ఆ పరిశోధనలోనే 60 దాటినవాళ్లు వేరే గుంపుగా ఉన్నారు. సెట్లు తగ్గించాక వాళ్లకు బలం చాలావరకు నిలిచింది గానీ కండ పరిమాణం నిలవలేదు. మీరు ఇప్పుడు చేసే సెట్లన్నీ చేయండి, మరీ అలసిన వారంలో ఒక్క సెట్టు తీసేయండి. తగ్గడం కూడా వారానికి పావు కిలో అయినా ఫర్వాలేదు. మీ వయసులో పోగొట్టుకున్న కండను తిరిగి తెచ్చుకోవడం కుర్రాళ్లకున్నంత సులువు కాదు, తొందర ఎందుకు?

నింపాది_నాని

సరే అక్కా. తిండి 2,050కి పెంచుతున్నా. పరుగు వారానికి రెండుసార్లే. శనివారం 100తో మూడు రెప్స్ కొట్టి వీడియో పెడతాను, మోకాళ్లు చూసి చెప్పండి.

బార్_భారతి

మోకాళ్ల కోసం ఎదురుగా ఒకటి, లోతు కోసం పక్కనుంచి ఒకటి తీయండి. ఫోను తుంటి ఎత్తులో ఉండాలి, నేల మీద పెట్టి తీస్తే ప్రతి స్క్వాటూ లోతుగానే కనిపిస్తుంది.