పాప పడుకున్న గంటన్నరలో ఇంట్లో చేసుకోదగిన చిన్న మరమ్మతులు ఏమున్నాయి?

ఇంటిపట్టు నాన్న, మల్కాజిగిరి:

అందరికీ నమస్కారం. మా ఆవిడ ఉద్యోగానికి వెళుతుంది. నేను రెండేళ్ళ క్రితం ఉద్యోగం మానుకొని, ఇంటిపట్టునే ఉండి మా నాలుగేళ్ళ పాపను చూసుకుంటున్నాను. వంట, బట్టలు, పాప స్నానం, భోజనం అన్నీ ముగిసేసరికి ఒంటిగంట అవుతుంది. పాప పడుకున్నాక దొరికే గంటన్నరను మొదట్లో ఫోను చూస్తూ గడిపేవాడిని. తీరా పాప లేచేసరికి మరింత అలసటగా ఉండేది.

ఈ వేసవిలో హాల్లోని ఫ్యాను బాగా నెమ్మదించింది. మిస్త్రీ రేపు, ఎల్లుండి అంటూ పది రోజులు గడిపేసరికి, ఫ్యాను మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న డబ్బాలాంటి పాత కెపాసిటర్ మీద ఉన్న 2.5 మైక్రోఫారడ్ అన్న కొలతను కాగితం మీద రాసుకొని, కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్ళి అలాంటిదే తెచ్చి నేనే మార్చాను. స్విచ్ వేయగానే గోడమీది క్యాలెండరు కాగితాలు రెపరెపలాడాయి, పాప చప్పట్లు కొట్టింది. ఉద్యోగంలో ఎన్నో పనులు ముగించాను గాని, చేసిన పని అలా కళ్ళెదుట గిర్రున తిరగడం చూసింది అప్పుడే. ఆ సంతోషం వారం రోజులు నాతోనే ఉంది. పెద్ద పనిముట్లు అక్కరలేనివి, వీలైతే పాప కూడా చేయి వేయగలిగినవి ఇలాంటి పనులు ఇంకేమున్నాయో చెప్పగలరు.

ఇద్దరు పిల్లల అమ్మ, దిల్‌సుఖ్‌నగర్:

అన్నయ్య గారూ, నల్లాలతో మొదలుపెట్టండి. మాకు కృష్ణా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, మిగతా వాడకమంతా బోరు నీళ్ళతోనే. వంటింటి నల్లా ధార సన్నబడి పక్కలకు చిమ్ముతుంటే, నల్లా మూతికి ఉండే చిన్న జాలీని గుడ్డ చుట్టి చేత్తోనే తిప్పి ఊడదీశాను. లోపల గుడ్డు పెంకులాంటి తెల్లని పొర, దాని వెనుక చిటికెడు ఇసుక ఉన్నాయి. స్టీలు గిన్నెలో వెనిగర్ పోసి అందులో వేశాము. బోరు నీటిలోని కాల్షియం కార్బనేటుగా గట్టిపడి ఆ పొర ఏర్పడుతుంది. పులుపు తగలగానే అది కరుగుతూ కార్బన్ డయాక్సైడ్ బుడగలను వదులుతుంది. మా చిన్నవాడు గిన్నెకు చెవి ఆనించి, "అమ్మా, ఇది గుసగుసలాడుతోంది" అని చాలాసేపు అక్కడి నుంచి లేవలేదు. నిమ్మరసమైనా పనిచేస్తుంది. రాత్రంతా మాత్రం నాననివ్వకండి, పైపూత మెరుపు పోతుంది. తరువాత పాత బ్రష్షుతో రుద్ది, రబ్బరు వాషరును మరచిపోకుండా బిగించండి. ధార గాజు కడ్డీలా నిలువుగా పడుతుంటే నేను గిన్నెలు కడగడం ఆపి కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను.

రిటైరైన ఎలక్ట్రీషియన్, సికింద్రాబాద్:

బాబూ, ఫ్యాను బాగుచేసుకున్నందుకు సంతోషం. అయితే ఒక మాట గట్టిగానే చెప్పాలి. కొన్ని పాత ఇళ్ళలో స్విచ్చును ఫేజుకు (కరెంటు వచ్చే తీగకు) బదులు న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి వెళ్ళే తీగకు) కలిపి ఉంటారు; అలాంటిచోట స్విచ్ ఆపినా ఫ్యానులో 230 వోల్టులు అలాగే ఉంటాయి. అందువల్ల టెస్టరును ముందుగా పనిచేసే ప్లగ్గులో పెట్టి అది వెలుగుతున్నదని నిర్ధారించుకొని, మెయిన్ ఆపి, ఆ తరువాతే ఫ్యాను తీగలను అదే టెస్టరుతో పరీక్షించి చేయి పెట్టాలి. కెపాసిటర్ కూడా కరెంటు ఆపిన తరువాత కొంతసేపు ఛార్జిని నిలుపుకోవచ్చు. ఇంట్లో రెండో పెద్దమనిషి లేనప్పుడు స్టూలు ఎక్కవద్దు: పాప నిద్రలేచి "నాన్నా" అని పిలిస్తే, మీరు ఎక్కడ నిలబడ్డారో మరచి వెనక్కి తిరుగుతారు. పాపతో చేయించదలచుకుంటే టార్చిలైటు, గోడ గడియారం మంచివి. సెల్లు ఏ వైపు పెట్టాలో గుర్తులు చూసి తనే పెడుతుంది. బొత్తాం సెల్లులను మాత్రం ఆమెకు అందనివ్వకండి, మింగితే ప్రాణాపాయం.

కుట్టు మిషను అభిమాని, అల్వాల్:

మా అత్తగారి కాలి మిషను రెండేళ్ళు మూలన పడి ఉండేది. సాగిపోయిన తోలు బెల్టును అర అంగుళం కత్తిరించి, కొనలో రంధ్రం చేసి, అదే ఇనుప కొక్కెంతో కలిపితే చాలు, తిరగడం మొదలుపెట్టింది. గుడ్డ అడుగున దారం చిక్కుపడితే చాలామంది బాబిన్‌ను (అడుగుదారం చుట్టిన కండెను) అనుమానిస్తారు గాని, ఎక్కువసార్లు పైదారం దాన్ని బిగించి పట్టే టెన్షన్ పళ్ళేల మధ్యకు సరిగా దిగకపోవడమే కారణం. గుడ్డను నొక్కి పట్టే మిషను పాదాన్ని ఎత్తి ఉంచి దారం ఎక్కించండి.

ఇంటిపట్టు నాన్న, మల్కాజిగిరి:

అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయన గారూ, మీ మాట చదివాక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపిస్తే, హాల్లోని ఫ్యాను స్విచ్ న్యూట్రల్‌కే కలిపి ఉందని తేలింది. ఆ రోజు నేను స్విచ్ మాత్రమే ఆపి పనిచేశాను. అతని చేత సరిచేయించాను.

చెల్లెమ్మ గారూ, నల్లా జాలీ ఒక్కటే శుభ్రం చేద్దామనుకుంటే, పాప పట్టుబట్టి షవరు కూడా ఊడదీయించింది. వెనిగర్‌లో వేసే ముందు దాని రంధ్రాలు లెక్కపెడతానని కూర్చొని, ఇరవై తొమ్మిది దగ్గర తప్పి, ఇప్పుడు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.