పాత 300 ఎన్ఎంఆర్‌లో పీకులు లావుగా వస్తున్నాయి, ఎంత షిమ్ చేసినా తగ్గట్లేదు

ల్యాబ్ రాత్రి:
నిన్న సాయంత్రం ఆరు నుంచి రాత్రి రెండు దాకా దీని ముందే కూర్చున్నాను. మా డిపార్ట్‌మెంట్‌లో ఉన్నది అణువుల నిర్మాణం తెలుసుకునే పాత 300 మెగాహెర్ట్జ్ ఎన్ఎంఆర్ మిషన్. ప్రోటాన్ స్పెక్ట్రంలో రిజల్యూషన్ పూర్తిగా పోయింది. స్కాన్లు 16 నుంచి 256కి పెంచాను, లాభం లేదు. లాక్ అవుతోంది (ఫీల్డ్ జరగకుండా సాల్వెంట్ డ్యూటీరియం సిగ్నల్‌ని పట్టుకుంటోంది), షిమ్ చేశాను (ఫీల్డ్ శాంపిల్ అంతటా ఒకేలా ఉండేలా సర్దాను), రిసీవర్ గెయిన్ కూడా తగ్గించి చూశాను. ఎల్లుండి గైడ్‌కి డేటా చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది. దయచేసి ఎవరైనా చెప్పండి.

ఫార్మా క్యూసీ:
సాల్వెంట్ ఏది? స్కాన్లు పెంచితే నాయిస్ తగ్గుతుంది, పీకు సన్నబడదు.

పాత ఆపరేటర్:
బాబూ, నైట్రోజన్ ఎప్పుడు నింపారు? ఈ మధ్య చాలా ల్యాబుల్లో అది అటెండర్ పని అనుకుని వదిలేస్తున్నారు, నాకు చాలా బాధగా ఉంటుంది. బయట 77 కెల్విన్‌లో నైట్రోజన్ ఉంటేనే లోపల 4.2 కెల్విన్‌లో మాగ్నెట్‌ని చల్లగా ఉంచే హీలియం నిలుస్తుంది. నైట్రోజన్ అయిపోతే హీలియం త్వరగా ఆవిరైపోతుంది. అదీ మరీ తగ్గితే మాగ్నెట్ క్వెంచ్ అవుతుంది, అంటే వేడెక్కి ఫీల్డ్ పోతుంది, మళ్లీ లేపడం మామూలు ఖర్చు కాదు. వారం వారం నింపి, లెవెల్ పుస్తకంలో రాయండి. నింపిన వెంటనే లోపల మరుగుతూ ఉంటుంది, అప్పుడు తీసిన స్పెక్ట్రాన్ని నమ్మొద్దు.

ల్యాబ్ రాత్రి:
సోమవారం నింపారు సార్. సాల్వెంట్ క్లోరోఫాం-డి.

బయో ఎన్ఎంఆర్:
"రిజల్యూషన్ పోయింది" అంటే సరిపోదండి. పీకులే వెడల్పయ్యాయా, లేక చిన్న పీకులు నాయిస్‌లో కలిసిపోతున్నాయా? రెండోదైతే అది సెన్సిటివిటీ, ట్యూనింగ్, 90 డిగ్రీల పల్స్, ప్రీయాంప్ చూడాలి. మొదటిదైతే షిమ్ గానీ శాంపిల్ గానీ. 7.26 పీపీఎం దగ్గర క్లోరోఫాం పీకు సగం ఎత్తులో ఎన్ని హెర్ట్జ్ వెడల్పు ఉంది?

ఫార్మా క్యూసీ:
అడుగున వెడల్పయితే దాన్ని రిజల్యూషన్ అనరు. లైన్‌షేప్ అంటారు.

బయో ఎన్ఎంఆర్:
నిజమే, లైన్‌షేప్‌ని 0.55, 0.11 శాతం ఎత్తుల దగ్గర కొలుస్తారు. కానీ ఇప్పుడు పేరు గొడవ కన్నా ఆయనకి అంకె ముఖ్యం.

పాత ఆపరేటర్:
పేరు తెలియకపోతే మాన్యువల్‌లో ఏ పేజీ తీయాలో ఎలా తెలుస్తుంది? ఆ అడుగు వెడల్పు కొలవడాన్ని మేం హంప్ టెస్ట్ అనేవాళ్లం.

ల్యాబ్ రాత్రి:
4 హెర్ట్జ్ ఉంది. ఇంతకుముందు 1 లోపే ఉండేది. ఒక పక్క భుజంలా ఉబ్బింది. సున్నా దగ్గరి రిఫరెన్స్ పీకు టీఎంఎస్ కూడా అలాగే ఉంది.

బయో ఎన్ఎంఆర్:
సాల్వెంట్ సన్నగా ఉండి మీ కాంపౌండ్ ఒక్కటే లావైతే కాంపౌండ్‌ని అనుమానించేదాన్ని. అన్నీ ఒకేలా ఉన్నాయి కాబట్టి షిమ్ గానీ, వడకట్టని శాంపిల్ గానీ. ఒకే పక్క ఉబ్బితే జెడ్2, జెడ్4 లాంటి సరి సంఖ్య షిమ్‌లు (ఫీల్డ్‌ని సర్దే కాయిల్స్) చూడండి. ముందు సీల్ చేసిన స్టాండర్డ్, అసిటోన్-డి6లో 1 శాతం క్లోరోఫాం, పెట్టి చూడండి. అది బాగుంటే తప్పు శాంపిల్‌దే.

ల్యాబ్ రాత్రి:
పెట్టాను. అందులోనూ 4. అన్నట్టు, పోయిన గురువారం ఎవరిదో ట్యూబు లోపల విరిగితే ప్రోబ్ (శాంపిల్ చుట్టూ ఉండి సిగ్నల్ పట్టే భాగం) దించి, గాజు ముక్కలు తీసి మళ్లీ బిగించారు. దీనికీ దానికీ సంబంధం ఉంటుందా?

ఫార్మా క్యూసీ:
ఇది మొదటే చెప్పాల్సింది.

పాత ఆపరేటర్:
ఉంటుంది బాబూ! ప్రోబ్ మిల్లీమీటరు అటూ ఇటూ బిగిసినా పాత షిమ్ ఫైల్ పనికిరాదు. ట్యూబు పెట్టకుండా, లాక్, స్వీప్ ఆపి ఒక ప్రోటాన్ తీయి. పీకు లాంటిది కనిపిస్తే లోపల ద్రవం మిగిలినట్టే. అప్పుడు నువ్వు మాత్రం దూది, తీగ దూర్చొద్దు, లోపలి గాజు చాలా పల్చన. ఏమీ రాకపోతే ఇన్‌చార్జ్ ఉండగా ప్రోబ్ స్క్రూలు చూడు. ఇనుప స్క్రూడ్రైవర్ మాగ్నెట్ దగ్గరికి తీసుకెళ్లకు. తర్వాత లాక్ లెవెల్ చూసుకుంటూ జెడ్1, జెడ్2, స్పిన్ (ట్యూబు తిరగడం) ఆపి ఎక్స్, వై, మళ్లీ జెడ్1. స్పిన్ 20 పెడితే పీకుకి 20 హెర్ట్జ్ దూరంలో రెండు పక్కలా చిన్న పీకులు వస్తే ఎక్స్, వై ఇంకా కుదరనట్టు.

ల్యాబ్ రాత్రి:
ఖాళీగా తీస్తే ఏమీ రాలేదు. ఒక స్క్రూ సగమే బిగిసి ఉంది. బిగించి, మొదటి నుంచి షిమ్ చేస్తే 1.6కి వచ్చింది. శాంపిల్స్ పెట్టేశాను. థ్యాంక్స్ సార్, థ్యాంక్స్ మేడం.

ఫార్మా క్యూసీ:
1.6 స్పిన్‌తోనా, లేకుండానా?

బయో ఎన్ఎంఆర్:
జెడ్4 ముట్టుకున్నారా? ఆ భుజం పోయిందా?