29పి తోకచుక్క వెలుగు: ఏ కొలత నమ్మాలి?
అందరికీ నమస్కారం. నా 8 అంగుళాల టెలిస్కోపుతో రెండు నెలలుగా 29పి ష్వాస్‌మన్-వాఖ్‌మన్ తోకచుక్కను ఫొటోలు తీస్తున్నాను. 1927లో కనుక్కున్న ఈ తోకచుక్క గురుగ్రహానికి అవతల, దాదాపు గుండ్రటి కక్ష్యలో, సుమారు 15 ఏళ్లకోసారి సూర్యుణ్ణి చుట్టి వస్తుంది. మామూలుగా మసగ్గా పడి ఉండి ఉన్నట్టుండి భగ్గుమంటుంది. నా తలనొప్పంతా అక్కడే.

పోయిన వారం అలాగే వెలిగింది. మొదటి రాత్రి అచ్చం నక్షత్రంలా చిన్న చుక్క. నాలుగో రాత్రికి ఒక పక్కకు విచ్చుకున్న పొగమరక. ఫొటోలో దాని చుట్టూ 6 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు) వలయం పెట్టి, అందులో పడ్డ వెలుగు కొలిస్తే మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) 14.1, అదే 20 పెడితే 12.9! చిన్న వలయంలో రోజురోజుకీ వెలుగు పడిపోతోంది. అది నిజంగా తగ్గడమా, లేక దుమ్ము వలయం దాటి బయటికి పోవడమా? రెండింట్లో ఏది రాసుకోవాలి? ఫిల్టర్ వాడట్లేదు, అదీ చెప్పాలి కదా.

ఇంకోటి, స్థానం. మరక ఒక పక్కకే ఉండటంతో సాఫ్ట్‌వేర్ పట్టే కేంద్రం జేపీఎల్ హొరైజన్స్ (తోకచుక్కలు, గ్రహాలు ఎక్కడుంటాయో లెక్కగట్టి చెప్పే నాసా సేవ) చూపే చోటికి 2 ఆర్క్‌సెకన్లు పక్కకు పడుతోంది. కక్ష్య లెక్కకు పంపే కొలతలో ఇంత తేడా ఉంటే పనికొస్తుందా? తోకచుక్క కదలికకు సరిపెట్టి 40 ఫ్రేములు కలుపుతున్నాను. అందులో నక్షత్రాలు గీతలైపోతాయి కాబట్టి పోలిక నక్షత్రాలకు (వెలుగు పోల్చి చూసుకునేవి) ఫ్రేములను నక్షత్రాలకు సరిపెట్టి వేరే స్టాక్ చేస్తున్నా, అంటే విడిగా కలుపుతున్నా. తప్పు అక్కడేమైనా దొర్లుతోందా? చేసి చూసినవాళ్లు కాస్త చెప్పండి.