కనుమ ప్రభల ఊరేగింపు: పార్కు అనుమతి రాలేదు, అందరూ వెంటనే చూడగలరు (ఇక్కడ ఎవరి ఊరి పేరుతో వారు రాస్తారు)

పాలగుమ్మి, కార్యదర్శి (సోమవారం రాత్రి)
అందరికీ నమస్కారం. శనివారం జరగవలసిన మన ఊరేగింపునకు పార్కు వారు ఈ సాయంత్రం అనుమతి నిరాకరించారు. వెదురుతో కట్టి, గుడ్డలు చుట్టి, దేవుణ్ణి ఉంచి మోసే ప్రభ పది అడుగులు దాటితే, దాన్ని జనం మధ్య మోసుకు తిరగాలంటే విడిగా అనుమతి, దానికి బీమా కావాలట. ఆ రెండూ ఐదు రోజుల్లో వచ్చేవి కావు. వేదిక, మైకు, వంటల పట్టికను పక్కన పెట్టి ముందు దీనికి దారి చెప్పండి.

ముక్కామల, కోశాధికారి
ఎత్తు సంగతి ముందే రాసి పంపమని డిసెంబరులోనే అడిగాను. మరో స్థలానికి బయానా కట్టేంత డబ్బు మన దగ్గర లేదు. ఈ ఏటికి ప్రభలు మానేసి, ముగ్గులు, భోజనాలతో సరిపెడదాం.

గంగలకుర్రు (మంగళవారం ఉదయం)
ప్రభ లేకపోతే అది కనుమ ఎలా అవుతుందండీ? మా ఊరి ప్రభను భుజాల మీద మోస్తూ, పీకల్లోతు నీళ్ళలో కౌశిక కాలువను దాటించి, పచ్చని వరిచేల మీదుగా, కోనసీమలో పదకొండు ఊళ్ళ ప్రభలు కలిసే జగ్గన్నతోటకు చేర్చడం చూస్తూ పెరిగాను. చేను తొక్కితే రైతే శుభమనుకునే పండుగ అది. రెండు వారాలుగా రాత్రుళ్ళు వెదురు చీల్చి కట్టినది నేనూ మా పిల్లలూ. పట్టికలో ఆ పనికి ఎదురుగా ఐదు పేర్లున్నాయి.

ముక్కామల
బాబాయి గారూ, మీ కష్టాన్ని తక్కువ చేయాలని కాదు. లెక్కల కంగారులో మాట కటువుగా వచ్చింది, మన్నించండి. ఈ సాయంత్రం గుడ్డలు చుట్టడానికి నేను వస్తాను.

వ్యాఘ్రేశ్వరం (బుధవారం, ఊరి నుంచి)
పండుగకని ఇంటికి వచ్చాను. మా వీధి పిల్లలు నాలుగడుగుల ప్రభ కట్టి, కొత్త గుడ్డలు చుట్టి, వరి కంకులు వేలాడదీసి, "అశ్శరభ శరభ" అంటూ ఇల్లిల్లూ తిరుగుతున్నారు. చూస్తుంటే కడుపు నిండిపోయింది. ఏకాదశ రుద్రులకు, అంటే ఆ పదకొండు ఊళ్ళ శివులకు, పదకొండు చిన్న ప్రభలు మన పిల్లల చేతనే ఎందుకు మోయించకూడదు? కాలిబాట మీద నడిస్తే రోడ్డు ఆపనక్కరలేదు కదా.

నేదునూరు
మా వీధికి అవతల దారి లేదు, కనుక బయటి కార్లు రావు. చుట్టూ ఉన్న ఏడిళ్ళ వారినీ ఇప్పుడే అడిగి వచ్చాను. అందరూ సరేనన్నారు, ఎదురింటావిడ తన మనవలకూ ఒక ప్రభ ఇమ్మంది. ఎవరింట్లో వండినది వారు తెచ్చుకుంటే మా పెరట్లో అందరం కూర్చుని తినవచ్చు.

గంగలకుర్రు (గురువారం రాత్రి)
పెద్ద ప్రభను విప్పేశాము. ఆ వెదురుతో ఏడు తయారయ్యాయి, మిగిలిన నాలుగు రేపు ముక్కామల అబ్బాయి ఇంట్లో కడతాము. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ చివరన వస్తుంది. అది వీధి మలుపు తిరగగానే, జగ్గన్నతోట ఆనవాయితీ ప్రకారం, మిగతా పదీ ఒక్కసారి పైకెత్తాలని పిల్లలకు చెప్పి ఉంచండి. గంటలు చాలలేదు, పూజగదిలోవి తీసుకురండి.